కాలవ బువ్వ

మా ఇంట్లో పిల్లలెవరైనా కంచంలో అన్నం వదిలేస్తే నాయనమ్మ ఒకటే మాట అనేది: “కాలవ బువ్వ తిన్న వంశం మనది. మెతుకు పారెయ్యమాకండి.” తాతయ్య 1958లో ఐటీఐ ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరి, ఒంగోలు దగ్గరి పల్లె వదిలి బెంగళూరు వచ్చేశాడు. మేమంతా దూరవాణి నగర్ క్వార్టర్స్‌లో పుట్టి పెరిగినవాళ్ళం. వీధిలో కన్నడం, ఇంట్లో తెలుగు, ఆదివారం గుళ్ళో తెలుగు బైబిలు. కాలవ బువ్వ అంటే కాలవ నీళ్ళకి పండిన వరన్నం కాబోలు అని చాలా ఏళ్ళు అనుకున్నాం. అది కాదట. కాలవ తవ్విన కూలి డబ్బుతో గింజలు కొని కాచుకున్న గంజి. ఆ కాలవ బకింగ్‌హాం కాలవ. ఆ తవ్వకం 1877 నాటి కరువులో జరిగింది.

దీన్ని రాయడానికి కారణం మా ఇంట్లో అందరికన్నా చిన్నవాడు. ఎనిమిదో తరగతి. పోయినేడు ఒకరోజు బడి నుంచి వచ్చి, భోజనాల దగ్గర, ఏమీ దాచుకోకుండా అడిగేశాడు: “మనవాళ్ళు బియ్యం కోసం మతం మారారట, నిజమేనా?” క్లాసులో ఎవరో అన్నారట. తిట్టడానికి కాదు, ఇంట్లో విన్నమాట అప్పజెప్పినట్టు. బల్ల చుట్టూ ఏడుగురం పెద్దవాళ్ళం ఉన్నాం. ఒక్కరికీ వెంటనే నోరు పెగల్లేదు. “కాదు” అందామంటే కాలవ బువ్వ ఉంది. “అవును” అందామంటే అది నిజం కాదని తెలుసు. మనలాంటి ఇళ్ళలో, ఊరొదిలి వచ్చి రెండు మూడు తరాలైనవాళ్ళకి, ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. కాబట్టి ఆ రోజు చెప్పలేకపోయింది ఇక్కడ కొంచెం నిదానంగా చెప్తాం.

1876లో వానలు తప్పాయి. మన పంచాంగంలో అది ధాత నామ సంవత్సరం, అందుకే పాతవాళ్ళు దాన్ని ధాత కరువు అన్నారు. మద్రాసు రాజధాని, మైసూరు, హైదరాబాదు రాజ్యం, బొంబాయి వైపు జిల్లాలు, అన్నీ ఒకేసారి ఎండిపోయాయి. రెండేళ్ళలో 50 లక్షల మందికి పైనే చనిపోయారని అంచనా. మనం ఉంటున్న ఈ మైసూరు సీమ సంగతి జనాభా లెక్కలే చెప్తాయి: 1871లో 50,55,412 మంది, 1881లో 41,86,188. పదేళ్ళలో పెరగాల్సిన జనం ఎనిమిది లక్షలకు పైగా తగ్గారు. బెంగళూరు నుంచి మైసూరుకు మనం ఎక్కే రైలు దారి కూడా మొదట కరువు పనిగా మొదలైందే. కెంగేరి, మద్దూరు దాటేటప్పుడు ఈ సంగతి మాకు గుర్తొస్తూ ఉంటుంది.

ప్రభుత్వం పనులు పెట్టింది గానీ కూలి దగ్గర పిసినారితనం చూపించింది. వైస్రాయ్ లిట్టన్ పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877 మొదట్లో మద్రాసు రాజధానికి వచ్చి, మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యానికి, పైన చిల్లర ఖర్చుకు సరిపడేంత కూలి చాలని తేల్చాడు. పౌనంటే అర కిలో కూడా కాదు. ఆ తిండితో రోజంతా మట్టి తవ్వాలి. మద్రాసు శానిటరీ కమిషనరుగా ఉన్న డాక్టర్ కార్నిష్ ఇది మనుషుల్ని చంపే లెక్క అని గట్టిగా వాదించాడు. మన కథకి ఈ కూలి లెక్క ముఖ్యం. దయ అనేది మాటల్లో ఎంతైనా ఉండొచ్చు, చివరికి అది పౌన్లలోనూ అణాల్లోనూ తేలుతుంది.

ఒంగోలులో అప్పటికి పదేళ్ళుగా ఒక అమెరికా బాప్టిస్టు మిషనరీ ఉన్నాడు. జాన్ ఎవరెట్ క్లౌ. మనవాళ్ళకి క్లౌ దొర. 1866లో ఒంగోలు చేరాడు. అంతకుముందు నెల్లూరు కేంద్రంగా నడిచిన ఈ తెలుగు మిషన్‌ను ఫలితం లేదని మూసేద్దామా అని అమెరికాలో బోర్డు ఒకటికి రెండుసార్లు ఆలోచించింది. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం మొదలైనప్పుడు సభ్యులు ఎనిమిది మంది. ఆ తర్వాత వచ్చి చేరినవాళ్ళు ఎక్కువగా మాదిగలు. అంటే మేము. వాళ్ళలో ముందు నిలిచినవాడు యెర్రగుంట్ల పేరయ్య, తోళ్ళ వ్యాపారి. క్రైస్తవుడు కాకముందే యోగం నేర్చుకుని, దేవుణ్ణి వెతుక్కుంటూ తిరిగిన మనిషి. మాదిగలకు సొంతంగా ఆలోచన లేదు, ఎవరో వచ్చి గింజలు చల్లితే పోయి వాలారు అనుకునేవాళ్ళు పేరయ్య గురించి చదవాలి. కరువుకు పదేళ్ళ ముందే ఆయన తన దారి తాను వెతుక్కున్నాడు.

క్లౌ దొరకి దేవుడి పనికి రాకముందు ఇంకో పని తెలుసు. కుర్రతనంలో అమెరికా పడమటి ప్రాంతాల్లో భూమి కొలిచే సర్వే బృందంతో పనిచేశాడు. గొలుసు పట్టడం, మట్టం చూడడం తెలుసు. కరువులో ఆ విద్యే అక్కరకొచ్చింది. సర్కారు కరువు పనుల్లో మాదిగలు పడుతున్న పాట్లు ఆయన చెవినపడుతూనే ఉన్నాయి. మేస్త్రీలు, గుమాస్తాలు పైకులాలవాళ్ళు. కూలి సరిగా చేతికి రాదు, వచ్చినా తెగ్గోస్తారు. సంఘంలోనివాళ్ళు పనికి పోవడానికే జంకారు. అప్పుడు ఆయన బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళ ముక్క తానే కాంట్రాక్టు తీసుకున్నాడు. మద్రాసు గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హాం పేరు పెట్టిన ఈ ఉప్పునీటి కాలవ తీరం వెంబడే మద్రాసు నుంచి పైకి వచ్చి, పెద్దగంజాం దగ్గర కృష్ణా డెల్టా కాలవల్ని కలుస్తుంది.

పనిచోట గుడిసెలు లేచాయి. బావులు తవ్వించారు. ప్రసంగాలు చేసే బోధకుల్ని దొర ఓవర్సీర్లుగా మార్చేశాడు. ఒక్కొక్కరి కింద వంద మంది దాకా కూలీలు. పార, గడ్డపార, తట్ట. మగవాళ్ళు తవ్వితే ఆడవాళ్ళు మోశారు. తవ్వినదానికి కొలత ప్రకారం కూలి, అది కూడా చేతికి. ఇక్కడ కూలి ఎగ్గొట్టరు, తిట్టరు అని తెలిసి శూద్ర కులాలవాళ్ళు కూడా ఆ ముక్కకే వచ్చి పనడిగారు. మాదిగ మనిషి ఓవర్సీరు, అతని కింద ఊరి రైతు తట్ట మోస్తాడు. ఆ రోజుల్లో ఇది ఎంత తలకిందులైన సంగతో మన పిల్లలకి విడిగా చెప్పాలి.

కలరా వచ్చింది. నడిచి వచ్చే దారిలోనే కొందరు పోయారు. పనిచోట కూడా పోయారు. బోధకులే మోశారు, బోధకులే పాతిపెట్టారు. మధ్యాహ్నం ఎండకు కాసేపు కూర్చున్నప్పుడు కూలీలు ఓవర్సీర్లను అడిగేవాళ్ళట, మీ దేవుడి మాట ఏదైనా చెప్పండి అని. భారం మోసేవాళ్ళను యేసు దగ్గరకు పిలిచే మాట ఒకటి మత్తయి సువార్త పదకొండో అధ్యాయంలో ఉంది. తట్ట దించి కూర్చున్నవాడికి ఆ మాట మళ్ళీ మళ్ళీ వినాలనిపించిందంటే వింతేముంది? మా ముత్తాత తండ్రి ఆ మాట అక్కడే విన్నాడని ఇంట్లో చెప్పుకుంటాం.

ఇప్పుడు అసలు సంగతి. కూలీల్లో వందలమంది వచ్చి మాకు బాప్తిస్మం ఇవ్వండి అన్నారు. క్లౌ దొర ఇవ్వనన్నాడు. ఒకటి రెండు వారాలు కాదు, సుమారు 15 నెలలు. మిషనరీ జీవితంలో ఇంతకంటే పెద్ద పంట చేతికి రాదు, సొంత ఊళ్ళో బోర్డుకి రాసుకోడానికి ఇంతకంటే మంచి లెక్క ఉండదు. అయినా కరువు సాయం తన చేతుల మీదుగా నడుస్తున్నంతకాలం ఒక్కరికీ ఇవ్వకూడదని పట్టుబట్టాడు. తిండి కోసం వచ్చాడో, దేవుడి కోసం వచ్చాడో ఆకలిగొన్న మనిషికే తెలియదు, అలాంటప్పుడు తనకెలా తెలుస్తుందన్నది ఆయన భయం. మాకు ఇందులో ఇంకొకటి కూడా కనిపిస్తుంది. బాప్తిస్మం ఇస్తూ కూలి ఇస్తే, తీసుకోనివాడికి కూలి దొరకదేమోనన్న అనుమానం పుడుతుంది. ఆ అనుమానం ఒక్కటి చాలు, చేసిన దయ బేరంగా మారిపోవడానికి.

1878 నడిమికి వానలు పడ్డాయి. సాయం డబ్బు అయిపోయింది. జూన్‌లో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర జనం పోగయ్యారు. దొర వాళ్ళతో, ఇక నా దగ్గర పని లేదు, డబ్బు లేదు, ఇళ్ళకు పొండి అన్నాడు. వాళ్ళు పోలేదు. మాకు డబ్బొద్దు, మా రెక్కల కష్టంతో మేం బతుకుతాం, బాప్తిస్మం మాత్రం ఇవ్వండి అన్నారు. అప్పుడు ఒప్పుకున్నాడు. జులై 2న 614 మంది. జులై 3న 2,222 మంది. జులై 4న 700 మంది. మూడు రోజుల్లో 3,536. మూడో తేదీన ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని నదిలో నిలబడ్డారు. పొద్దున్నే మొదలై, మధ్యాహ్నం కాసేపు ఆగి, మళ్ళీ సాయంత్రం దాకా. ఆ రోజు దొర ఒక్కరికి కూడా తన చేత్తో ఇవ్వలేదు, ఒడ్డున ఉండి చూసుకున్నాడు. మా పెదనాన్న ఈ భాగం చెప్పేటప్పుడు ప్రతిసారీ గొంతు పెంచుతాడు: “ఇచ్చింది మనోళ్ళు, పుచ్చుకుంది మనోళ్ళు!”

తర్వాత వచ్చినవి లాభాలు కావు. సంఘంలో చేరినవాళ్ళకి క్లౌ దొర పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవే. పల్లెలో మాదిగ బతుకు మాత్రం ఈ మూడింటి మీదే నిలబడి ఉంది. చచ్చిన గొడ్డు మాదిగలది, జాతరలో డప్పు మాదిగలది, ఆసామి పిలిస్తే ఏ రోజైనా పోవాల్సింది మాదిగే. వీటిని కాదంటే కళ్ళం దగ్గర వచ్చే మేర గింజలు రావు, ఊరు కట్టుబాటు చేస్తుంది, నీళ్ళకు దారి మూస్తుంది. కరువు పోయాక, కడుపుకు కొంచెం దొరికే రోజుల్లో, ఆ కొంచెం కూడా పోగొట్టుకునే దారిలోకి వాళ్ళు తెలిసే దిగారు. స్వాతంత్ర్యం వచ్చాకా అంతే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు తర్వాత క్రైస్తవంలోకి మారిన దళితుడికి ఎస్సీ హోదా లేదు, ఆంధ్రలో బీసీ-సీ అని ఒక శాతం కోటాలో పెట్టారు. బియ్యం కోసం మారినవాళ్ళు అంటారు గానీ, మారినందుకు ఏం పోయిందో లెక్క రాసినవాళ్ళు తక్కువ.

అంతమాత్రాన అంతా తేటనీళ్ళలా ఉందని మేం అనం. పదిహేను నెలలు ఆగినా, కరువులో చేయందించిన మనిషి మీద ఉన్న ప్రేమ, ఆ మనిషి చెప్పిన దేవుడి మీద ఉన్న నమ్మకం, ఈ రెండూ కత్తితో కోసినట్టు విడిపోతాయా? విడిపోవు. మనకు మంచి చేసినవాడి మాట మనం శ్రద్ధగా వింటాం, అది మనుషుల తీరు. ఆ కృతజ్ఞతకి సిగ్గుపడాల్సిన పని లేదని మా అభిప్రాయం. ఇంట్లో అందరూ దీనికి ఒప్పుకోరు. మా మేనత్త అయితే కాలవ మాటే ఎత్తొద్దంటుంది, ఎత్తిన కొద్దీ అవతలివాళ్ళకి సందు ఇచ్చినట్టేనని.

కష్టమైన ఉదాహరణ ఒకటి బెంగళూరు పక్కనే ఉంది. నెలమంగల వైపు సిలువెపుర అని ఒక ఊరు. సిలువె అంటే కన్నడంలో సిలువే. అదే కరువులో తల్లిదండ్రులు పోయిన పిల్లల్ని కాథలిక్కు మిషన్ తెచ్చి సాకి, పెద్దయ్యాక పొలాలిచ్చి, పెళ్ళిళ్ళు చేసి స్థిరపరచిన ఊళ్ళలో అదొకటి. కనకపుర వైపు మరియాపుర ఇంకొకటి. ఆ పిల్లలు బతికారు. వాళ్ళ పిల్లలు, మనవలు పొలాలు చేసుకుని తలెత్తుకు బతికారు. కానీ ఐదేళ్ళ బిడ్డని నీకు ఏ దేవుడు కావాలని ఎవరూ అడగలేరు, అడగలేదు. వదిలేసి ఉంటే చచ్చిపోయేవాళ్ళు. తీసుకొస్తే సిలువెపుర వాళ్ళయ్యారు. గుండ్లకమ్మ ఒడ్డున నిలబడి “ఇవ్వండి” అని అడిగిన మా ముత్తాత తండ్రికి ఉన్న అవకాశం వాళ్ళకి లేదు. ఆ ఊరి మీదుగా పోయినప్పుడు మాకు ఆ సాకినవాళ్ళ మీద గౌరవమే కలుగుతుంది, ఈ ప్రశ్న కూడా దాంతోపాటే వస్తుంది.

తెలుగు బైబిల్లో దయకి ఎక్కువగా వినపడే మాట కనికరం. మంచి సమరయుడి కథ చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో వింటూనే ఉన్నాం. దొంగలు కొట్టి పడేసిన మనిషిని యాజకుడు చూసి పక్కకు పోయాడు, లేవీయుడు పోయాడు, వెలివేసినట్టు చూడబడే సమరయుడు ఆగాడు. గాయాలు కట్టాడు, సత్రానికి చేర్చాడు, సత్రంవాడికి డబ్బిచ్చి, ఇంకా ఖర్చైతే తిరిగొచ్చినప్పుడు ఇస్తానన్నాడు. కథ అక్కడితో అయిపోతుంది. ఆ మనిషి లేచాక ఏ గుడికి పోయాడో యేసు చెప్పలేదు. పేరు కూడా చెప్పలేదు. చిన్నప్పుడు మాకు ఇదో లోటులా అనిపించేది, కథకి చివర లేనట్టు. హోసూరు రోడ్డు మీద లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ నడిపే వృద్ధుల ఇల్లు 1900 నుంచి ఉంది. ముసలివాళ్ళ తిండి కోసం ఊళ్ళో అడిగి తెచ్చుకోవడం ఆ సిస్టర్ల ఆనవాయితీ. అడుక్కుని తెచ్చి పెట్టేవాళ్ళకి, పెట్టించుకునేవాళ్ళ మీద పెత్తనం చెయ్యాలనే ఆలోచన అంత తేలిగ్గా రాదేమో.

మా ఇంటి సంగతి ఒకటి చెప్పి ముగిస్తాం. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు, మా వీధి చివర అపార్ట్‌మెంట్లు కడుతున్న చోట బిహారు, బెంగాలు నుంచి వచ్చిన కూలీలు రేకుల షెడ్లలో ఇరుక్కుపోయారు. పని ఆగింది, కాంట్రాక్టరు ఫోను ఎత్తడు. మా సంఘంవాళ్ళం డబ్బు పోగేసి, ఒక్కో షెడ్డుకి ఐదు కిలోల బియ్యం, గోధుమపిండి, కందిపప్పు, నూనె, సబ్బు సంచుల్లో సర్దాం. సర్దింది మా ఇంటి హాల్లోనే. పెదనాన్న ఒక కట్ట కరపత్రాలు తెచ్చాడు, హిందీలో అచ్చువేసినవి. సంచికొకటి పెడదామన్నాడు. తప్పేముంది, చదివితే చదువుతారు, లేకపోతే లేదు, సువార్త చెప్పడం మన బాధ్యత కాదా అని. ఆయన అన్నదాంట్లో తప్పు ఉందని తేల్చి చెప్పడం మాకెవరికీ చేతకాలేదు. సగం మంది అటు, సగం మంది ఇటు. గొంతులు లేచాయి.

నాయనమ్మకి అప్పుడు 82. మంచం మీద నుంచే అంది: “ఆకలిగా ఉన్నోడు సంచిలో కాయితం చూస్తే ఏమనుకుంటాడు? ఇది పుచ్చుకుంటేనే మళ్ళీ వారం బియ్యం ఇస్తారేమో అనుకుంటాడు. బువ్వ బువ్వే అబ్బాయ్. దాన్లో ఇంకోటి కలపమాక.”

కరపత్రాలు లేకుండానే సంచులు వెళ్ళాయి. ఆరు వారాలు వెళ్ళాయి. ఆ తర్వాత శ్రామిక్ రైళ్ళు వేస్తే కూలీలు చాలామంది ఊళ్ళకు పోయారు. మాల్దా వైపు కుర్రాడొకడు పోయేముందు వచ్చి, షెడ్డులో మిగిలిన కందిపప్పు తిరిగిచ్చి, ఇంకెవరికైనా ఇవ్వమన్నాడు. ఏ గుడివాళ్ళని అతను అడగలేదు.

కరపత్రాల కట్ట ఇప్పటికీ పెదనాన్న వాళ్ళింట్లో బీరువా మీద ఉంది. నాయనమ్మ పోయింది గానీ, ఆ రోజు తను చెప్పిందే సరైందని పెదనాన్న ఇప్పటికీ అంటాడు. ఇదంతా మా చిన్నవాడికి మొన్న కూర్చోబెట్టి చెప్పాం: కాలవ, కలరా, పదిహేను నెలలు, గుండ్లకమ్మ. అంతా విని వాడు పెదనాన్న వైపు తిరిగాడు. “అయితే తాతా, షెడ్లవాళ్ళకి మనం బియ్యం ఇవ్వడం ఆపి ఎన్ని నెలలైంది?” అన్నాడు. పెదనాన్న కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, ముందు అన్నం తినరా, చల్లారిపోతోంది అన్నాడు.